నాలుగో ఆటకు న్యాయం జరగాలి

ట్రయథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు అని మూడు ఆటలున్నాయని నిర్వాహకులు చెబుతారు. ఏళ్ల తరబడి అదే మాట మీద ఉన్నారు, ఇప్పుడు మార్చాలంటే వాళ్లకూ మొహమాటమే. కానీ మొదటిసారి పోటీలో దిగిన ఒక మామూలు మనిషిని పక్కన నిలబడి కాసేపు గమనించండి. అక్కడ జరుగుతున్నది బట్టలు మార్చుకునే పోటీ అనీ, మధ్యలో విసుగు పుట్టకుండా కొంత ఈత, కొంత సైకిల్, కాస్త పరుగు ఏర్పాటు చేశారనీ చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. ఈతకూ సైకిల్‌కూ మధ్య ఒకసారి, సైకిల్‌కూ పరుగుకూ మధ్య ఇంకోసారి ఆటగాడు వేషం మార్చాలి. ఈ వేషం మార్చే ఘట్టాలను ట్రాన్సిషన్లు, క్లుప్తంగా టీ1, టీ2 అంటారు. ఆ కాసేపూ గడియారం ఆగదు. చీలమండకు కట్టిన టైమింగ్ చిప్ పుణ్యమా అని ప్రతి సెకనూ లెక్కలోకి వస్తుంది. ఈ రంగంలో పండిపోయినవాళ్లే ట్రాన్సిషన్‌ను నాలుగో ఆట అని పిలుచుకుంటారు. పిలవడానికి లోటేమీ లేదు. పతకం మాటెత్తితేనే ఎవరికీ నోరు పెగలదు.

ఈ అన్యాయానికి పెద్ద చరిత్రే ఉంది. 1974 సెప్టెంబర్ 25న అమెరికాలోని శాన్ డియాగోలో, మిషన్ బే దగ్గర 46 మంది ఈ మూడూ కలిపి పోటీ పడ్డారు. ఆ తర్వాత హవాయిలో ఒక తగువు లేచింది: ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగువాళ్లా, సైకిల్ వాళ్లా? అమెరికా నేవీలో పనిచేసే జాన్ కాలిన్స్, అందరిచేతా మూడూ చేయిస్తే తేలిపోతుంది కదా అన్నాడు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది చివరిదాకా వచ్చారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ఐరన్‌మ్యాన్ అనే పోటీ అలా పుట్టింది. తడి కాలికి సాక్స్ తొడగడంలో ఎవరు గట్టివాళ్లని మాత్రం ఆ తగువులో ఒక్కరూ అడగలేదు. 2000లో సిడ్నీలో ఈ ఆట ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా దిగేది స్ప్రింట్ పోటీలో. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఆఫీసులో "ట్రయథ్లాన్ చేస్తున్నా" అనగానే అవతలివాళ్లకు గుర్తొచ్చేది ఐరన్‌మ్యాన్. అందులో 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు తొక్కి, ఆపైన 42.2 కిలోమీటర్ల నిండు మారథాన్ పరిగెత్తాలి. "అమ్మో, అదంతా ఒకే రోజా?" అని కళ్లు పెద్దవి చేస్తారు. "ఒకే రోజేనండీ" అని వినయంగా తల వంచాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. స్ప్రింట్ అనే ముక్క అడిగితే చెప్పొచ్చు.

ఇక సాధన. 5 కిలోమీటర్ల పరుగులో ఒక్క నిమిషం తగ్గించుకోవడానికి మనిషి నెలల తరబడి తెల్లవారుజామున లేస్తాడు. సైకిల్‌కు తేలికపాటి చక్రాలు బిగిస్తాడు. గాలిని చీల్చుకుపోయే హెల్మెట్ కొని, అద్దం ముందు తల అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. ఇంత కష్టపడి కూడబెట్టిన ఆ నిమిషాన్ని పోటీ రోజున ఎడమకాలి సాక్స్ ఒక్కటే మింగేస్తుంది. కుడికాలిది వేరే ఖాతా.

పోటీ రోజు పొద్దున్నే చేతి మీదా పిక్క మీదా మార్కర్‌తో నంబరు రాస్తారు. కొన్ని పోటీల్లో పిక్క మీద వయసు కూడా రాస్తారు. మనల్ని దాటి వెళ్లేవాళ్ల వయసు మనకు తెలియాలన్న సదుద్దేశం తప్ప దీనికి ఇంకో కారణం కనిపించదు. సైకిల్ మీద చచ్చీ చెడీ తొక్కుతుంటే పక్కనుంచి ఒక పిక్క సాఫీగా వెళ్లిపోతుంది, దాని మీద 67 అని ఉంటుంది. మడోన్నా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 2012లో 82 ఏళ్ల వయసులో ఐరన్‌మ్యాన్ పూర్తి చేశారు కాబట్టి 67ను చూసి కంగారు పడనక్కర్లేదు. వీలైతే చూడకుండా ఉండటం మంచిది.

ఈత గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కొలనులో అడుగున నల్ల గీత ఉంటుంది, బయటి నీళ్లలో ఉండదు. తల ఎత్తి దిక్కు చూసుకోకపోతే 750 మీటర్లు కాస్తా ఇంకా పెరుగుతాయి, వాటికి అదనపు రుసుము తీసుకోరు. ఏ పద్ధతిలో ఈదినా ఒప్పుకుంటారు. అలిసిపోతే కాపలా పడవను పట్టుకుని సేద తీరవచ్చు, కాకపోతే దాని సాయంతో ముందుకు కదలకూడదు. నియమావళి మొత్తంలో మొదటిసారి వచ్చినవాళ్ల ముఖం చూసి రాసినట్టున్న వాక్యం ఇదొక్కటే.

అసలు ఆట ఒడ్డెక్కాక మొదలవుతుంది. అంతసేపూ నీళ్లలో బోర్లా ఉన్న మనిషి ఒక్కసారిగా నిలబడేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆ స్థితిలో వందల సైకిళ్ల మధ్య తన సైకిల్ వెతుక్కోవాలి. గుర్తుగా ఒక బెలూన్ కట్టుకుందామంటే అంతర్జాతీయ నియమాలు ఒప్పుకోవు. నీళ్లు చల్లగా ఉండి, ఒంటికి అతుక్కుపోయే రబ్బరు ఈత దుస్తు, అదే వెట్‌సూట్, వేసుకుంటే దాన్ని వదిలించుకోవడం ఇంకో ప్రహసనం. నడుము దాకా పెద్దమనిషిలా దిగివస్తుంది, మడమ దగ్గరికొచ్చి మొండికేస్తుంది. ఒంటికాలి మీద గెంతుతూ లాగాలి. లాగుతున్న కాలు ఊడివచ్చేలా ఉంటుంది గానీ సూట్ రాదు.

తర్వాత సాక్స్. కాలికి నీళ్లు, నీళ్లకు ఇసుక, చేతులకు వణుకు. సాక్స్ మూతి తెరిచి బొటనవేలు లోపలికి పంపితే చిటికెనవేలు బయటే ఉండిపోతుంది. దాన్ని లోపలికి నెడితే మడమ భాగం తిరిగి పాదం పైకొస్తుంది. అనుభవజ్ఞులు సాక్స్ జోలికే పోరు. షూ లోపల కాస్త పౌడరు చల్లి, లేసులకు బదులు సాగే ఎలాస్టిక్ వేసి, నేరుగా కాలు దూర్చేస్తారు. ఒలింపిక్ స్థాయి వాళ్లకు మొత్తం తతంగం నిమిషం లోపు అయిపోతుంది. మొదటిసారి వచ్చినవాళ్లకు ఈ చిట్కా ముందే తెలుసు, అయినా బొబ్బలొస్తాయేమోనన్న టెన్షన్ కొద్దీ సాక్సే వేసుకుంటారు. వేసుకున్నాక బొబ్బలూ వస్తాయి.

ఇదయ్యాక హెల్మెట్. గడ్డం కింద పట్టీ బిగించనిదే సైకిల్‌ను స్టాండు నుంచి తియ్యకూడదు. ఇది భద్రత కోసం పెట్టిన నియమం, మాకు అభ్యంతరం లేదు. కానీ తడి వేళ్లకు ఆ బకిల్ ఒక పట్టాన దొరకదు. సైకిల్ తియ్యగానే "సార్, స్ట్రాప్! స్ట్రాప్!" అని అధికారి కేక. మళ్లీ సైకిల్ పెట్టి, పట్టీ బిగించి, మళ్లీ తియ్యాలి. తీశాక కూడా ఎక్కకూడదు, సైకిల్ ఎక్కడానికి హద్దుగా గీసిన మౌంట్ లైన్ దాటేదాకా పక్కన నడిపించుకుంటూ పరిగెత్తాలి. దాటగానే ఎక్కబోయి పడిపోయేవాళ్లతో ఆ గీత చుట్టుపక్కల ఎప్పుడూ సందడిగా ఉంటుంది.

టీ2 తేలిక అంటారు. సైకిల్ పెట్టాక హెల్మెట్ తీసి పరుగెత్తడమే. ఆ తీసే పని ఒక్కటి మరిచిపోయి కిలోమీటరు దూరం హెల్మెట్‌తోనే పరిగెత్తే వీరులు మనలోనే ఉన్నారు. జనం చప్పట్లు కొడుతుంటే తమ వేగానికే అనుకుని చెయ్యి ఊపుతారు. అప్పటిదాకా గుండ్రంగా తిరిగిన కాళ్లు ఒక్కసారిగా నేల మీద పరుగంటే నమ్మవు. అవి ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్న కాళ్లలా ఉంటాయి. సైకిల్ దిగీ దిగగానే పరిగెత్తే సాధన చేస్తే ఇది కొంత తగ్గుతుంది. ఆ సాధన చేయాల్సిన రోజున మనం హెల్మెట్ రంగు ఎంచుకుంటూ ఉంటాం.

2016లో మెక్సికోలోని కొజుమెల్‌లో జరిగిన పోటీలో బ్రిటన్ ట్రయథ్లాన్ ఆటగాడు అలిస్టర్ బ్రౌన్లీ గెలిచే అవకాశం వదులుకుని, ఎండకు సోలిపోతున్న తమ్ముడు జానీని ముగింపు గీత దాకా పట్టుకుని నడిపించాడు. ప్రపంచం కళ్లు చెమర్చాయి. టీ1లో పక్కవాడి మడమ దగ్గర ఇరుక్కున్న వెట్‌సూట్ లాగడానికి మాత్రం ఏ అన్నా ముందుకు రాడు. వచ్చినా బయటి సాయం కింద లెక్కేసి జరిమానా వేస్తారేమోనని భయం.

కాబట్టి మా కోరికలు న్యాయమైనవే. ఫలితాల పట్టికలో టీ1, టీ2 అంకెలు ఈతకూ సైకిల్‌కూ పరుగుకూ నడుమ బిక్కుబిక్కుమంటూ ఉంటున్నాయి, వాటికి ముందు వరస ఇవ్వాలి. సాక్స్ వేసుకున్నవాళ్లకు విడిగా ఒక విభాగం, రెండూ సరిగ్గా వేసుకున్నవాళ్లకు అందులో ఒక బహుమతి ఉండాలి. మౌంట్ లైన్ దగ్గర పడిపోయాక లేచే వేగాన్ని కూడా కొలవాలి. ఇక ఫోటోగ్రాఫర్లను ముగింపు గీత దగ్గర్నుంచి తక్షణం బదిలీ చేయాలి. అక్కడ అంతా నటనే. కెమెరా కనబడగానే అప్పటిదాకా ఈడ్చుకుంటూ నడుస్తున్నవాళ్లు కూడా నడుం సర్ది, పొట్ట లోపలికి పీల్చి, నవ్వుతూ పరుగందుకుంటారు. సాక్స్ సగం తొడుక్కుని ఒంటికాలి మీద గెంతుతున్న ఫోటో ఒక్కటి తీసిస్తే పతకం లేకపోయినా సర్దుకుంటాం, దానికి విడిగా డబ్బులు అడగనంతవరకు.