వంతగాడి వారాంతం

మన సమాజంలో సంఘం లేని వర్గం లేదు. ఆటోవాళ్ళకు ఉంది, అర్చకులకు ఉంది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకు ఉంది. ఒక్క బేస్ గిటార్ వాయించేవాళ్ళకే లేదు. పెట్టడం కష్టం కాదు గానీ, పెడితే ఎవరో ఒకరు అధ్యక్షుడై ముందుకొచ్చి మైకు పట్టుకోవాలి. బేస్ వాయించేవాడు ముందుకు రాడు. డ్రమ్ముల పక్కన, వీలైతే స్తంభం వెనక, నిలబడి ఉంటాడు. అందుకే మా వర్గం కష్టాలు ఇంతవరకూ ఏ ప్రభుత్వం దృష్టికీ రాలేదు.

ఈ లోటు తీర్చడానికి నేను పూనుకున్నాను. అర్హత ఉంది. డాలస్ శివారులో పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి బేస్. మొన్నీమధ్య ఒక శనివారం దాదాపు 240 మైళ్ళు కారు నడుపుకుంటూ పోయి, టెక్సస్ హిల్ కంట్రీ అంచున ఒక డాన్సు హాల్లో, అచ్చమైన కంట్రీ, అంటే అమెరికా పల్లెపాటల, బ్యాండుతో నాలుగు గంటలు వాయించి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాను. ఇది ఆ పర్యటన నివేదిక. ప్రజాప్రతినిధులు అధ్యయన యాత్రలకు వెళ్ళొచ్చి ఫొటోలు ఇస్తారు. నా ఫొటోల్లో స్తంభం మాత్రమే పడింది కనుక నివేదిక ఇస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పూర్వం బేస్ అంటే మనిషి కన్నా ఎత్తయిన చెక్క వాయిద్యం. దాన్ని మోసుకుని ఊరూరూ తిరగడం బీరువాతో తీర్థయాత్ర లాంటిది. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ దాన్ని గిటారులా భుజానికి తగిలించుకునేట్టు చేశాడు. మెడ మీద మెట్లు ఉన్నాయి కాబట్టి స్వరం కచ్చితంగా పలుకుతుందని ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. ఎవరు పట్టుకున్నా కచ్చితంగా పలుకుతుందని ఆయన హామీ ఇవ్వలేదు. దానికి నాలుగే తీగలు. మన చుట్టాలెవరు చూసినా మొదట అడిగేది ఒకటే: "మిగతా రెండూ తెగిపోయాయా నాయనా?" లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అది చెవికన్నా ముందు పొట్టకు తెలుస్తుంది. పొట్టకు తెలిసినదానికి చప్పట్లు కొట్టే ఆచారం లోకంలో లేదు.

నిజానికి తెలుగువాళ్ళకు ఈ ఉద్యోగం కొత్త కాదు. బుర్రకథలో కథకుడు తంబురా మీటుకుంటూ అటూ ఇటూ గంతులేసి కథ చెబుతుంటే, పక్కన ఇద్దరు గుమ్మెటలు వాయిస్తూ 'తందాన తాన' అంటుంటారు. వాళ్ళు వంతలు. వాళ్ళు ఆగిపోతే కథకుడికి ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఇంత గొప్ప పదవిని మనం ఏం చేశాం? 'వంత పాడటం' అని తిట్టు కింద మార్చేశాం. ఆ కళను సంగీతం నుంచి తీసేసి రాజకీయాలకు బదిలీ చేశాం. అక్కడ అది వర్ధిల్లుతోంది.

ఇక్కడి తెలుగు సంఘాల వేదికల మీద నేను రెండేళ్ళు వాయించాను. వెనక ట్రాక్ నడుస్తుంటుంది, అందులో బేస్ ముందే ఉంటుంది. దాని మీద నేను ఇళయరాజాగారి పాటల్లో బేస్ లాగా, అంటే పాట లోపల ఇంకో పాటలాగా, చెమటలు కక్కుతూ వాయించేవాణ్ణి. సౌండు చూసుకునే అబ్బాయి ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయేటప్పుడు, మనసు తేలికపడుతుందని కాబోలు, చెప్పాడు: "అన్నా, నీ ఫేడర్, అదే నీ సౌండు పెంచే మీట, ఎప్పుడూ మూసే ఉంచేవాణ్ణి."

అలాంటి సమయంలో పిలుపు వచ్చింది. ఆఫీసులో ఫిడేలు వాయించే సహోద్యోగి ఒకాయన ఉన్నాడు. వాళ్ళ బ్యాండులో బేస్ మనిషికి శనివారం కుదరలేదట. "వస్తావా? తేలికే, మూడు కార్డ్సే" అన్నాడు. కార్డ్ అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి. మూడా! తొమ్మిదేళ్ళు సాధన చేసినవాడికి మూడా! అని లోపల నవ్వుకుని, బయటికి వినయంగా సరే అన్నాను.

మా ఆవిడ రెండు ప్రశ్నలు వేసింది. "డబ్బులిస్తారా?" ఇస్తారు, నేను తీసుకోకూడదు. నేను హెచ్-1బి మీద ఉన్నాను. వీసా ఏ కంపెనీ పేరు మీద ఉందో ఆ కంపెనీ తప్ప ఇంకెవరి దగ్గరా సంపాదించే హక్కు లేదు. డబ్బు తీసుకుంటే ఉల్లంఘన, తీసుకోకపోతే సంగీతం. "మరి పెట్రోలు ఎవరు పోస్తారు?" ఈ ప్రశ్న వీసా పరిధిలోకి రాదు కనుక నేను జవాబు చెప్పలేదు. వెళ్ళేముందు దుకాణానికి పోయి ఎనభై డాలర్లు పోసి కౌబాయ్ టోపీ కొన్నాను. ఇన్నేళ్ళ అమెరికా జీవితంలో నాకు చాలామంది టోపీ పెట్టారు. నాకు నేనే పెట్టుకోవడం అదే మొదలు.

ఐ-35 మీద వేకో, ఆస్టిన్ దాటుకుంటూ దక్షిణంగా పోతే న్యూ బ్రాన్‌ఫెల్స్ వస్తుంది. జర్మన్ వలసదారులు కట్టుకున్న ఊరు. ఆ ప్రాంతమంతా పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్లు, చెక్‌లు వచ్చి ముందు పొలాలు దున్ని, తర్వాత డాన్సు హాళ్ళు కట్టారు. ఆ ఊళ్ళోనే ఉన్న గ్రీన్ (Gruene) హాల్‌ని 1878లో కట్టారు. నేను ఆగి చూశాను. చెక్క గోడలు, రేకు కప్పు, ఏసీ లేదు. వాళ్ళు దాన్ని పురాతన కట్టడంగా చూపిస్తారు. మా తెనాలిలో ఆ వయసు ఇళ్ళ మీద ఇప్పటికీ అన్నదమ్ముల దావా నడుస్తుంటుంది. నేను వాయించాల్సిన హాలు ఇది కాదు, ఇంకా లోపలికి పోవాలి. దాని పేరు చెప్పను. జరిగినదానిలో ఆ హాలు తప్పేమీ లేదు.

బ్యాండు నాయకుడు వారమంతా ప్లంబరు. డ్రమ్మరు రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు. పెడల్ స్టీల్ గిటారు దగ్గర కూర్చున్న తాతగారు ఎవరితోనూ మాట్లాడడు, ఆ వాయిద్యమే ఆయన తరఫున వెక్కివెక్కి ఏడుస్తుంది. రిహార్సల్ ఎప్పుడని అడిగాను. నాయకుడు వాచీ చూసుకుని, "ఎనిమిదింటికి. జనం ముందే" అన్నాడు.

పాటల కాగితం ఇచ్చారు. స్వరాలు లేవు, ఎన్నో స్వరం మీద కార్డ్ కట్టాలో చెప్పే అంకెలున్నాయి. 1, 4, 5. దీన్ని నాష్‌విల్ నంబర్ పద్ధతి అంటారు. 1950ల చివర జోర్డనేర్స్ బృందంలో పాడే నీల్ మాథ్యూస్ స్టూడియోలో పని సులువు కావడానికి తయారు చేసుకున్నది. పాడేవాడి గొంతును బట్టి శ్రుతి పైకీ కిందికీ మారినా అంకెలు మారవు. రెండు నిమిషాలు చూస్తే అర్థమైంది, ఇది స, మ, ప. మా పాటల మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పింది ఇదే. అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారని నేను అనను. ఆ మాట అనడానికి వాట్సాప్‌లో మా మేనమామ ఉన్నాడు.

నా పని ఏమిటంటే, ఒకటి మీద ఉన్నంతసేపూ స, ప, స, ప. నాలుగుకి వెళ్తే అక్కడ మళ్ళీ అదే లెక్క. కొలతకు, అంటే తాళంలో ఒక చుట్టుకు, రెండు దెబ్బలు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ. మూడు నిమిషాల పాటలో నూట ఎనభై దెబ్బలు పడితే, రాత్రికి నలభై పాటలు, మొత్తం ఏడు వేల పైచిలుకు. కోటి రామనామాలు రాసేవాళ్ళ ముందు ఇదెంత అనుకున్నాను. కానీ రామకోటి రాసేవాళ్ళకి మధ్యలో అక్షరం వంకర తిప్పాలని అనిపించదు. నాకు అనిపించింది.

రెండో పాటలోనే ఆ ఖాళీని చూసి ఉండబట్టలేకపోయాను. పండక్కి గోడ ఖాళీగా ఉంటే పోస్టరు వేసే జాతి మనది. సందులో ఒక గమకం, పైనుంచి కిందికి ఒక జారుడు, చివర చిన్న తీర్మానం. నాకైతే ఒళ్ళు పులకరించింది. పాట అయ్యాక నాయకుడు దగ్గరికొచ్చి చెవిలో ఎంతో మర్యాదగా చెప్పాడు: "చాలా మంచి స్వరాలు వేశావు. వాటిని జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళు."

దీన్ని వివక్ష అని నేను వెంటనే రాసుకున్నాను. తర్వాత నేల వైపు చూసి కొట్టేశాను. జారడానికి పొడి చల్లిన చెక్క నేల మీద అరవై ఏళ్ళ దంపతులు, పదేళ్ళ మనవరాలితో తాతలు, బూట్లు ఈడ్చుకుంటూ టూ-స్టెప్ వేస్తున్నారు. అందరూ హాలు చుట్టూ ఒకే దిశలో తిరుగుతారు, గడియారం ముల్లుకు ఎదురు దిశలో, మన ప్రదక్షిణకు తలకిందులుగా. వాళ్ళెవరూ నన్ను వినడం లేదు. కానీ నా స మీద అడుగు పడుతోంది, ప మీద అడుగు లేస్తోంది. నేను గమకం వేసినప్పుడు తెల్ల చొక్కా పెద్దాయన ఒకాయన భార్య కాలు తొక్కాడు. అప్పటినుంచీ ఆవిడ నా వంక కాదు, ఆయన వంకే కోపంగా చూస్తోంది. అదీ మా వర్గానికి దొరికే న్యాయం. తప్పులో కూడా పేరు రాదు.

పేరు అంటే గుర్తొచ్చింది. విరామానికి ముందు నాయకుడు అందరినీ పరిచయం చేశాడు. రామాంజనేయులు అనే నా పేరు ఆయన నోట్లో పట్టలేదు. "బేస్ మీద, డాలస్ నుంచి, రామ్!" అన్నాడు. హాలు దద్దరిల్లిపోయింది. నా కళ్ళు చెమర్చాయి. పిడికిలి బిగించి గాల్లోకి ఎత్తాను కూడా. విరామంలో ఒకాయన వచ్చి భుజం తట్టి, "డీజిలా, పెట్రోలా?" అని అడిగేదాకా నాకు తట్టలేదు, టెక్సస్‌లో రామ్ అంటే ట్రక్కు.

ఇక అసలు ఘట్టం. నాయకుడు పాడుతూనే కుడిచెయ్యి ఎత్తి వేళ్ళు చూపిస్తాడు. నాలుగు వేళ్ళయితే నాలుగు, అయిదయితే అయిదు. నేను కాగితం వదిలేసి ఆయన చేతినే చూస్తున్నాను. మూడో విడతలో, పాట హాయిగా ఒకటి మీద నడుస్తుండగా, ఆయన అయిదు వేళ్ళూ ఎత్తాడు. నేను వెంటనే అయిదుకి వెళ్ళాను. మొదటి దెబ్బకి ప పడింది, అది ఎలాగూ పడాల్సిందే కాబట్టి ఎవరికీ తెలియలేదు. రెండో దెబ్బకి రి పడింది. స్టీల్ గిటారు తాత, బేస్ వాడికి తెలియదా అన్న నమ్మకంతో, నా వెనకే వచ్చేశాడు. ఫిడేలు ఆయన వెనక వచ్చింది. పాడే ఆయన ఒక్కడూ ఒకటి మీద మిగిలిపోయాడు. నేల మీద జనం బొమ్మల్లా నిలబడ్డారు.

జరిగింది ఏమిటంటే, తలుపు దగ్గర ఆయన చెల్లెలు కనబడింది. పలకరింపుగా చెయ్యి ఊపాడు.

నాయకుడు చెయ్యి ఊపితే విధానం మారిపోవడం, వెనకున్నవాళ్ళంతా కారణం అడక్కుండా మారిపోవడం, మనకు తెలియని విషయం కాదు. మన దగ్గరైతే ఆ అయిదునే అసలు పాట అని మర్నాడు పత్రికా ప్రకటన వచ్చేది. అక్కడ డ్రమ్మరు మాత్రం ఏమీ జరగనట్టు కొడుతూ పోయాడు. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినవాణ్ణి వెనక గోల ఏం చేస్తుంది? రెండు కొలతల్లో అందరం ఇల్లు చేరాం.

ఈ సందర్భంలో మార్షల్ గ్రాంట్‌ని తలుచుకోవాలి. మెంఫిస్‌లో కార్ల మెకానిక్. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పక్కన బేస్ వాయించాల్సి వచ్చేనాటికి ఆయనకు బేస్ రాదు. ఏ స్వరం ఎక్కడుందో గుర్తుకోసం మెడ మీద టేపు ముక్కలు అంటించుకుని మొదలుపెట్టాడు. దశాబ్దాలు వాయించాడు. రానివాడు అలా నిలబడ్డాడు. వచ్చిన నేను చెల్లెలి దగ్గర బోల్తా పడ్డాను.

పన్నెండింటికి టిప్పుల బకెట్టు పంచారు. నా వాటా చాచగానే పోలీసుల ముందులా రెండు చేతులూ పైకెత్తేశాను. వాళ్ళు విస్తుపోయారు. ఇతని మతంలో నిషిద్ధం కాబోలని తాత మిగతావాళ్ళకు మెల్లగా సర్దిచెప్పాడు. ఆయన ఆ రాత్రి మాట్లాడింది అదొక్కటే, అదీ నిజమే. ఆ మత గ్రంథం పేరు ఫారం ఐ-129, హెచ్-1బి కోసం కంపెనీ పెట్టే అర్జీ. డబ్బు బదులు బ్రిస్కెట్ పళ్ళెం పెట్టారు. అది గొడ్డు మాంసం, నేను తినను. పక్కన తెల్ల బ్రెడ్డు, పచ్చి ఉల్లిపాయ, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు ఉన్నాయి. చద్దన్నం, ఉల్లిపాయతో పెరిగినవాడికి అది చాలు.

కాబట్టి ప్రభుత్వాలకు నా వినతి. టీవీ చర్చల్లో ఆరు కిటికీల్లోంచి ఆరుగురూ ఒకేసారి పాడుతుంటారు, వంత పట్టేవాడు ఒక్కడూ ఉండడు. వాళ్ళందరినీ ప్రజాధనంతో ఒక్కో శనివారం కంట్రీ బ్యాండుకి బేస్ మీద పంపాలి. నాలుగు గంటలు, రెండు స్వరాలు, మధ్యలో ఖాళీ. ఖాళీలో మాట్లాడితే ఆ నెల జీతం కోత. సభాపతులకు మినహాయింపు ఇవ్వొచ్చు, వాళ్ళు వినబడకుండా ఉండటం ఇప్పటికే నేర్చుకున్నారు. సాహిత్య సభల్లో 'రెండు మాటలు' అని మొదలుపెట్టి గంటంపావు తీసుకునే అధ్యక్షులను మాత్రం రెండు విడతలు పంపాలి. టోపీ నేనిస్తాను, నాకెలాగూ పనికిరాదు.

ఆదివారం రాత్రి వీడియో ఇంటి గ్రూపులో పెట్టాను. ఫోను స్పీకరులో 41 కంపనాలు పలకవు. అమ్మ ఫోన్ చేసింది.

"మొత్తం చూశాం నాన్నా. నువ్వెక్కడ?"

"స్తంభం వెనక అమ్మా."

"వాయించింది?"

"అది ఫోన్లో వినబడదు."

"అంత దూరం కారేసుకుని కనబడకుండా, వినబడకుండా ఉండటానికి వెళ్ళావా? తిన్నావా ఇంతకీ?"

నాన్నగారు ఫోన్ అందుకున్నారు. ఆయన ఏ వీడియో అయినా చివరిదాకా చూస్తారు.

"ఒరేయ్, మధ్యలో ఒకచోట డాన్సు చేసేవాళ్ళంతా ఠక్కున ఆగిపోయారు. అది నువ్వేనా?"