పింక్ తుపాకీతో పేచీ లేదు, బొమ్మ వేషంతోనే

తుపాకీ నల్లగానే ఉండాలని అమెరికా కేంద్ర చట్టంలో ఎక్కడా లేదు. అందుకే అక్కడి తుపాకుల షాపుల్లో నల్ల పిస్టళ్ళ పక్కనే లేత నీలం, ఊదా, గులాబీ, బంగారు రంగువి కూడా అద్దాల కింద పెట్టి అమ్ముతారు. కొనేవాళ్ళు కొంటారు, చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆయుధం ఆయుధంలా ఉండాలిగానీ ఈ సోకులేంటని పాతకాలం వేటగాళ్ళు విసుక్కుంటే, నా డబ్బు, నా తుపాకీ, మధ్యలో మీకేంటి నొప్పి అని కొన్నవాళ్ళు ఎదురు తిరుగుతారు. ఏళ్ళ తరబడి నడుస్తున్న ఈ గొడవలో మేం ఎటువైపో ముందే చెప్పేస్తాం. రంగు విషయంలో కొన్నవాళ్ళదే రైటు. కాకపోతే ఆ రైటుకి ఒక హద్దుంది, సరిగ్గా ఆ హద్దు దగ్గరే అమెరికా చట్టం చేతులు కట్టుకుని కూర్చుంది.

ముందు ఆ నవ్వేవాళ్ళ సంగతి చూద్దాం. ఆయుధానికి సోకు చేయడం ఇవాళ కొత్తగా పుట్టిన పిచ్చేం కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీర్, నూర్జహాన్‌లవని చూపించే జేడ్ రాతి పిడి కత్తుల ముందు జనం ఎంతసేపు నిలబడతారో చూసిన వాళ్ళకి తెలుసు. టిప్పు సుల్తాన్ తన తుపాకుల మీద పులి తలలూ పులి చారలూ చెక్కించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జనరల్ ప్యాటన్ ఏనుగు దంతం పిడి ఉన్న రివాల్వర్ నడుముకి పెట్టుకునే తిరిగాడు, 2011లో లిబియా నియంత గడాఫీ చనిపోయిన రోజు తిరుగుబాటుదారులు ఆయన బంగారు పూత పిస్టల్‌ని ఊరంతా చూపించారు. ఇవన్నీ దర్పమట. అదే ఓ ఆవిడ తన పిస్టల్‌కి గులాబీ రంగు వేయించుకుంటే మాత్రం నవ్వులాట. ఈ వెక్కిరింతలో సగం రంగు మీద కాదు, ఆడవాళ్ళ మీద అని మా అనుమానం.

పైగా నలుపేమైనా తుపాకీకి పుట్టుకతో వచ్చిందా అంటే అదీ లేదు. పాతకాలం వాళ్ళు ముచ్చటపడే ఆ నీలి నలుపు ఉక్కు కూడా రసాయనాల్లో ముంచి, పైపైన ఒక రకం తుప్పుని కావాలని పట్టించి తెచ్చిన రంగే. దానికి భుజానికి ఆనించే వాల్‌నట్ చెక్క బట్ తోడైతే అప్పట్లో అదే అసలు సిసలు రైఫిల్. 1960లలో వియత్నాంకి నల్ల ప్లాస్టిక్ బట్‌తో ఎమ్-16 రైఫిల్ వచ్చినప్పుడు అమెరికా సైనికులే దాన్ని పట్టుకుని, ఇది బొమ్మల కంపెనీ మాటెల్ చేసిందిరా అని జోకులేసుకున్నారు. 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకున్న గ్లాక్ పిస్టల్‌కి కింది భాగమంతా పాలిమరే. దాన్నీ జనం ప్లాస్టిక్ తుపాకీ అని తీసిపారేశారు. ఇవాళ ఆ రెండే గంభీరమైన ఆయుధానికి నమూనాలు, వాటి నలుపే ప్రమాణం! పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు మనవాళ్ళు. తరానికో రంగు అని కూడా కలుపుకోవచ్చు.

ఇప్పుడు ఈ రంగుల్లో ఎక్కువ పేరున్నది సెరాకోట్, ఒరెగాన్ రాష్ట్రంలో తయారయ్యే సిరామిక్ పూత. తుపాకీని పూర్తిగా విప్పి, నూనె మరక లేకుండా కడిగి, శాండ్ బ్లాస్టింగ్ చేసి, పలచగా స్ప్రే కొట్టి, దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఓవెన్‌లో పెడతారు. మన దగ్గర గేట్లకీ కిటికీలకీ చేయించే పౌడర్ కోటింగ్ తెలిసినవాళ్ళకి ఈ పని కొత్తగా అనిపించదు. పూత తుప్పుని ఆపుతుంది, చెమటకీ గీతలకీ తట్టుకుంటుంది. అలాంటప్పుడు అది ఏ రంగులో ఉంటే ఏం? లేత రంగైతే ఎండలో తక్కువ వేడెక్కుతుంది, గడ్డిలో పడిపోతే వెంటనే కనపడుతుంది, ఒకే మోడల్ నాలుగున్న ఇంట్లో ఏది ఎవరిదో చూడగానే తెలుస్తుంది. ఇవి సాకులు కావు, పనికొచ్చే కారణాలే. కారణం ఏదీ లేకపోయినా, నచ్చింది అన్న ఒక్క మాట చాలు.

ఆటల్లోనైతే ఈ చర్చే రాదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఎప్పుడైనా టీవీలో చూడండి, అల్యూమినియం బట్‌లు నీలం, ఎరుపు, వెండి రంగుల్లో మెరుస్తుంటాయి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు పట్టుకొచ్చింది, ఆ పిస్టల్ పోటీల్లోనూ రంగులకి కొదవ ఉండదు. ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అక్కడ తుపాకీ ఎవరి చేతిలో ఉందో, ఎటు తిరిగి ఉందో పక్కన నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆడవాళ్ళ కోసం అంటూ వ్యాపారులు చేసే హడావుడి మాత్రం వేరే కథ. చార్టర్ ఆర్మ్స్ కంపెనీ పింక్ లేడీ అని గులాబీ రంగు రివాల్వర్ అమ్ముతుంది. మన దేశమూ తక్కువ తినలేదు. 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ, ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, మహిళల రక్షణకని నిర్భీక్ పేరుతో 500 గ్రాముల రివాల్వర్ తెచ్చింది. ధర రూ.1,22,360. దాన్ని నగల పెట్టెలాంటి ముదురు మెరూన్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. లక్ష పైచిలుకు పోసి, లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి ఎంతమంది ఆడవాళ్ళు కొనగలరు, రాత్రిపూట బస్టాపులో నిలబడే అమ్మాయికి ఆ పెట్టె ఎలా ఉపయోగపడుతుంది అన్న ప్రశ్నలకి జవాబు లేదు, పెట్టె మాత్రం బాగుంది. అమెరికాలో సర్వేలు చేసే సంస్థ ప్యూ రీసెర్చ్ 2023 సర్వే ప్రకారం ప్రతి నలుగురు ఆడవాళ్ళలో ఒకరికి సొంత తుపాకీ ఉంది. వాళ్ళకి కావలసింది చేతికి సరిపోయే గ్రిప్, వేలికి అందే ట్రిగ్గర్. అవి ఇవ్వకుండా రంగు ఒక్కటి మార్చి అంటగడితే తప్పు కంపెనీది, రంగుది కాదు.

ఇక అసలు విషయం. బొమ్మ తుపాకుల మీద అమెరికాకి 1988 నుంచే కేంద్ర చట్టం ఉంది. బొమ్మ గొట్టం చివర కొట్టొచ్చే ఆరెంజ్ రంగు ఉండాలి, లేదా బొమ్మ మొత్తం తెలుపో, కొట్టొచ్చే ఎరుపో, ఆరెంజో, పసుపో, ఆకుపచ్చో, నీలమో, గులాబీయో, ఊదాయో ప్రధానంగా కనిపించాలి అని నిబంధనలు రంగుల జాబితాతో సహా చెబుతాయి. దూరం నుంచి చూసిన పోలీసుకి ఇది బొమ్మ అని తెలియాలన్నది ఉద్దేశం. ఆ ఆరెంజ్ ముక్క లేకపోతే ఏమవుతుందో 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తెలిసింది. పార్కులో ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ పిస్టల్‌తో ఉన్న 12 ఏళ్ళ తమీర్ రైస్‌ని, కారు ఆగిన రెండు సెకన్లలోపే పోలీసు కాల్చేశాడు. ఆ బొమ్మకి ఆరెంజ్ కొస లేదు.

బొమ్మ అసలుదానిలా ఉండకూడదని ఇంత వివరంగా రాసుకున్న ఆ ప్రభుత్వం, అసలుది బొమ్మలా ఉండకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. నిజం తుపాకీ కొసకి అదే ఆరెంజ్ రంగు పూయొద్దని చెప్పే కేంద్ర చట్టం కూడా లేదు. బొమ్మకని కేటాయించిన ఆ ఎనిమిది రంగుల్లో దేనినైనా నిజం తుపాకీకి వేయించుకోవచ్చు. చట్టం ఒకవైపే తలుపు వేసింది, రెండోవైపు బార్లా తెరిచే ఉంచింది.

తెరిచిన తలుపులోంచి ఏమొచ్చిందో చూడండి. 2021లో యూటాలో ఒక కంపెనీ గ్లాక్ పిస్టల్‌కి ఎరుపు, పసుపు, నీలం లెగో బొమ్మల ముక్కలు అతికించినట్టుండే తొడుగు వేసి బ్లాక్19 అని పేరు పెట్టి అమ్మకానికి పెట్టింది. లెగో వాళ్ళు లాయర్ చేత ఉత్తరం రాయిస్తేగానీ వెనక్కి తగ్గలేదు. గమనించండి, దాన్ని ఆపింది ట్రేడ్‌మార్కు భయం, పిల్లల ప్రాణం గురించిన చట్టం కాదు. అదే ఏడాది నార్త్ కరోలినాలోని కటాబా కౌంటీలో పోలీసులు సోదాల్లో ఓ గ్లాక్ పట్టుకున్నారు, 50 గుళ్ళు పట్టే డ్రమ్ముతో సహా దాన్ని పిల్లలాడుకునే నెర్ఫ్ గన్‌లా మార్చేశారు. మొదటివాడు సరదా అన్నాడు, రెండోది పోలీసు కళ్ళు కప్పడానికే కావచ్చు. చూసే నాలుగేళ్ళ పిల్లాడికి ఈ తేడా ఎక్కడ తెలుస్తుంది? ఇంట్లో లెగో బుట్ట పక్కన అది దొరికితే వాడు ఏం చేస్తాడో చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు.

పిల్లలకే అని చేసే తుపాకుల గురించీ రెండు మాటలు చెప్పాలి. పెన్సిల్వేనియా కంపెనీ ఒకటి క్రికెట్ అనే చిన్న .22 రైఫిల్‌ని నా మొదటి రైఫిల్ అనే నినాదంతో గులాబీతో సహా రకరకాల రంగుల్లో అమ్మింది. 2013 ఏప్రిల్‌లో కెంటకీలో ఐదేళ్ళ పిల్లాడి చేతిలో అలాంటి క్రికెట్ రైఫిల్ పేలి రెండేళ్ళ చెల్లెలు చనిపోయింది. ఇంట్లో ఓ మూల ఆనించి పెట్టిన ఆ తుపాకీలో గుండు మిగిలి ఉందని పెద్దవాళ్ళకి తెలియదు. ఆ ఇంటి దుఃఖం మీద నీతులు చెప్పే ఉద్దేశం మాకు లేదు. పల్లెటూళ్ళలో తండ్రి పక్కన నిలబడి కొడుకు వేట నేర్చుకోవడం అక్కడ తరాల అలవాటు, దాన్నీ తప్పు పట్టం. కానీ ఐదేళ్ళ వయసుకి తగ్గట్టు రంగులద్ది అమ్మే వస్తువు, ఐదేళ్ళ పిల్లాడికి బొమ్మలాగే అనిపిస్తుంది కదా. 2022లో ఇంకో కంపెనీ ఎమ్-16ని పోలిన ఏఆర్-15 రైఫిల్ ఆకారంలోనే పిల్లల సైజు రైఫిల్ తెచ్చి, నోట్లో పాలపీక పెట్టుకున్న పుర్రె గుర్తుతో ప్రచారం చేసింది. దీన్ని అభిరుచి అనడానికి మాకు నోరు రావడం లేదు.

అలాగని రంగులన్నీ నిషేధించేస్తే సరిపోతుందా? న్యూయార్క్ నగరం ఆ పనే చేసింది. బ్లూంబర్గ్ మేయర్‌గా ఉన్నప్పుడు 2006లో నిజం తుపాకీలకి బొమ్మ రంగులు వేసే కిట్లని నిషేధించింది. ఉక్రోషం వచ్చిన విస్కాన్సిన్ రంగుల కంపెనీ ఒకటి ఏకంగా బ్లూంబర్గ్ పేరుతోనే తుపాకీ రంగుల సెట్ విడుదల చేసి వ్యాపారం చేసుకుంది. నగరంలో నిషేధం, నది దాటితే అమ్మకం. అంతకన్నా పెద్ద ఇబ్బంది, రంగు మనిషిని కాపాడుతుందన్న నమ్మకమే అంత గట్టిది కాదు. 2021 ఏప్రిల్‌లో మిన్నెసోటాలోని బ్రూక్లిన్ సెంటర్‌లో 26 ఏళ్ళ సర్వీసున్న పోలీసు అధికారిణి, కరెంటు షాక్ కొట్టే పసుపు రంగు టేజర్ అనుకుని నల్ల గ్లాక్ తీసి కాల్చింది, 20 ఏళ్ళ యువకుడు చనిపోయాడు. టెన్షన్‌లో కన్ను రంగుని చూడలేదు. పిల్లలు కూడా అంతే, నల్ల తుపాకీనీ సినిమాల్లో చూసి ముచ్చటపడతారు, పట్టుకుంటారు. దీపావళికి మన పిల్లలు రీళ్ళు పెట్టి పేల్చే తుపాకుల్లో నల్లవి లేవా?

కాబట్టి మేం అడిగేది రంగు నిషేధం కాదు, వేషం నిషేధం. గులాబీ పిస్టల్ ఉంచుకోండి, ఊదా రైఫిల్ ఉంచుకోండి. కానీ పిల్లలు ఆడుకునే బొమ్మ ఆకారంలోకి, ముక్కలు అతికించినట్టుగానో, నెర్ఫ్ గన్‌లాగానో, ఆరెంజ్ కొసతోనో నిజం తుపాకీని మార్చడం, మార్చి అమ్మడం కేంద్ర చట్టం ప్రకారం నేరం కావాలి. కొత్తగా కమిటీలు వేసి ఆలోచించాల్సిన పని లేదు, 1988 చట్టానికి రెండోవైపు రాస్తే చాలు. ఇది తుపాకీ హక్కుల మీద దాడి అని అరిచేవాళ్ళు ఉంటారు. లెగో ముక్కలు అతికించకపోతే పేలని తుపాకీ ఏదైనా ఉంటే చూపించమనండి.

ఇదంతా అమెరికా వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునే పరిస్థితి ఇప్పుడు లేదు. డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీ శివార్లలో తెలుగు పిల్లలు పుట్టినరోజు పార్టీలకీ, రాత్రి పడకలకీ ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్తున్నారు, ప్యూ లెక్క ప్రకారం ఆ దేశంలో పదిమంది పెద్దవాళ్ళలో నలుగురు తుపాకీ ఉన్న ఇంట్లోనే ఉంటున్నారు. మనవాళ్ళు కూడా కొంటున్నారు. విద్యార్థి వీసాలోనో హెచ్-1బీలోనో ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు, వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు ఉంది, ఆ దారిలో వెళ్ళే కుర్రాళ్ళూ ఉన్నారు. కొంటే కొన్నారు, తాళం సంగతి చూసుకోండి. చేతి తుపాకీ అమ్మే లైసెన్సు డీలరు దానితోపాటు తాళం ఇవ్వాల్సిందేనని 2005 చట్టం చెబుతోంది, తుపాకీ పరిశ్రమ సంఘమే పోలీసు స్టేషన్ల ద్వారా కేబుల్ తాళాలు ఊరికే పంచుతోంది.

పిల్లల్ని పంపేముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే గుళ్ళు తీసి తాళం వేశారా అని అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు, ఏమనుకుంటారో అని. మా వాడికి పల్లీలు పడవని చెబుతాం, కుక్క ఉందా అని అడుగుతాం, ఇదీ అదే గొంతుతో అడగొచ్చు. అక్కడ పిల్లల డాక్టర్లు కూడా అడగమనే చెబుతున్నారు. జవాబు నసుగుతూ వస్తే, ఈసారి మీ పిల్లల్నే మా ఇంటికి పంపండి అనండి.