మరమ్మతు చీటీ మీద తొమ్మిది చుక్కలు

మా అమ్మ ఫోన్ కిందపడి డిస్‌ప్లే పగిలితే, బెంగళూరు మారతహళ్లిలోని ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాను. యజమాని మదనపల్లె వైపు మనిషి, తెలుగులోనే ఆప్యాయంగా మాట్లాడాడు. ధర చెప్పాక చీటీ వెనక్కి తిప్పి, అచ్చువేసి ఉన్న తొమ్మిది చుక్కలు చూపిస్తూ, "అమ్మా, మీ లాక్ ఎలా గీస్తారో ఇక్కడ గీయండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ గీసేసింది. ఆ చీటీ అప్పటికే పాతిక ముప్ఫై చీటీలు గుచ్చి ఉన్న ఇనుప చువ్వ మీదికి చేరింది. ప్రతి చీటీకి ఒకవైపు పేరు, నంబరు, రెండోవైపు తాళంచెవి.

ఈ పద్ధతి ఆగి తీరాలి. ఫోన్‌లో ఫోటోలు మాత్రమే ఉన్న రోజులు కావివి. బ్యాంకు ఓటీపీ వచ్చేది అందులోకే, ఆధార్ నకలు, డాక్టరు రిపోర్టులు, ఇంటి గొడవల వాయిస్ మెసేజ్‌లు ఉండేదీ అందులోనే.

మరమ్మతు చేశాక టచ్, కెమెరా, మైకు పనిచేస్తున్నాయో లేదో చూడాలి కదా, చూడకుండా ఇస్తే రేపు మళ్లీ వచ్చి గొడవపడేది మీరే కదా అని దుకాణదారులు అంటారు. వారిలో అత్యధికులు నిజాయితీపరులే, ఆ అవసరమూ నిజమే. కానీ అందుకు లాక్ అక్కరలేదు. లాక్ తీయకుండానే కెమెరా తెరుచుకుంటుంది, వచ్చిన కాల్ ఎత్తి స్పీకరు, మైకు సరిచూసుకోవచ్చు. చాలా శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, ఆండ్రాయిడ్ 14 నుంచి గూగుల్ పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ ఉన్నాయి. ఆన్ చేస్తే ఫోన్ రీస్టార్ట్ అయి, మన ఫోటోలూ మెసేజ్‌లూ ఖాతాలూ ఏవీ కనిపించకుండా కొత్త ఫోన్‌లా తెరుచుకుంటుంది, అందులోంచి బయటికి రావాలంటే మన లాకే కావాలి. స్క్రీన్ పూర్తిగా చచ్చిపోయి ఆ మోడ్ పెట్టే వీలే లేకపోతే, కొత్తది బిగించాక యజమానే వచ్చి లాక్ తీసి, ఎదురుగా నిలబడి పరీక్ష చేయించుకోవచ్చు.

ఇది అతి అనుమానం అనుకునేవారు కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో వెలువరించిన అధ్యయనాన్ని గమనించాలి. వారు సౌండ్ రాకుండా చిన్న లోపం పెట్టిన ల్యాప్‌టాప్‌లను 16 చోట్ల మరమ్మతుకు ఇస్తే, 6 చోట్ల సిబ్బంది వ్యక్తిగత ఫైళ్లు తెరిచి చూశారు, 2 చోట్ల కాపీ కూడా చేసుకున్నారు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆయన జీవించిన ఈ బెంగళూరులోనే, ఎస్పీ రోడ్డు నుంచి కేఆర్ పురం దాకా, ఆ హక్కును చీటీ మీద గీసి ఇచ్చేస్తున్నామంటే అందుకు కారణం ప్రజల అజాగ్రత్త అని నేను ఒప్పుకోను. అసలు కారణం భాష.

మా అమ్మ తెలుగు దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. కానీ ఆ చీటీ మీది షరతులన్నీ చీమలంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, ఆమె ఫోన్ సెట్టింగ్‌లు కూడా కొన్ననాటి నుంచి ఇంగ్లీషులోనే ఉన్నాయి. చదవలేని చోట మనిషి ఎదుటివారిని నమ్మడం తప్ప ఏం చేయగలదు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు కల్పించాలని చెబుతోంది. తెలుగువారు గట్టిగా పట్టుకోవలసిన మాట ఇది. అయితే 2025 నవంబరులో నియమాలు వచ్చినా, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. పైగా డిజిటల్ రూపంలోకి ఎక్కని కాగితం ఆ చట్టం పరిధిలోకే రాదు కనుక, చువ్వకు గుచ్చిన చీటీని అది ఎప్పటికీ ముట్టుకోదు.

అందుకే మార్పు దుకాణాల్లోనే మొదలు కావాలి. చీటీ మీద తొమ్మిది చుక్కలు అచ్చువేసే చోట, "లాక్ చెప్పనక్కరలేదు, మెయింటెనెన్స్ మోడ్ పెట్టి ఇవ్వండి, పెట్టడం రాకపోతే మమ్మల్ని అడగండి" అని కన్నడంలో, తెలుగులో, తమిళంలో అచ్చువేయించడానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. మదనపల్లె ఆయనకు ఇదే చెప్పి అమ్మ చీటీ వెనక్కి అడిగితే, ఆయన మారుమాట లేకుండా చువ్వలోంచి తీసి ఇచ్చాడు. మిగతా చీటీలు అక్కడే ఉన్నాయి.