తమరి కవలలు క్షేమమా, మడత చాకు గారూ?

మహారాజశ్రీ మడత చాకు గారి సముఖమునకు, తిరుపతి నుంచి నమస్కరించి రాయునదేమనగా...

ఇక్కడందరం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పనీపాటా ఉన్నవాళ్లకు కదా గాట్లు పడేది! తమరేమో మెత్తటి గుడ్డలో పడుకుంటారు. ఆదివారం సాయంత్రం లేచి, అచ్చం తమలాగే ఉన్న వేరే కంపెనీ చాకు పక్కన బల్ల మీద ఒళ్లు విరుచుకుంటారు. ఫొటో దిగి మళ్లీ గుడ్డలోకి వెళ్లిపోతారు. తమరు కోసిన కాయలకన్నా తమర్ని కొలిచిన వెర్నియర్ కాలిపర్లే ఎక్కువ.

మా ఊళ్లో తమరి భక్తులు, అంటే ఒకేలా ఉండే చాకులు సేకరించి పోల్చి చూసేవాళ్లు, ఇద్దరు కలిస్తే మాట ఇట్లా నడుస్తుంది.

"ఏందబ్బా, రెండూ ఒకటే మాదిరి ఉండాయే?"

"ఒకటే ఎట్లయితాది? దీని ఇత్తడి చూడు, ఆ మూల గుండ్రంగా ఉండాది. దాంది కోసుగా ఉండాది. తూకం చూడు, నాలుగు గ్రాములు తేడా."

"సరే, ఏది బాగా కోస్తాది?"

"కోసేదానికి కాదులేప్పా ఇది."

ఆ చివరి మాట విన్నాకే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

తమరి వంశంలో పెద్దాయన బక్ 110. అమెరికాలో 1964లో బజారుకొచ్చారు. రెండు కొసల్లో ఇత్తడి, నడుమ కొయ్య, మూడుముప్పావు అంగుళాల బ్లేడు, సుమారు 200 గ్రాముల బరువు, వెన్ను మీద నొక్కితేనే మూసుకునే లాక్‌బ్యాక్. లుంగీ మడతలో పెట్టుకుంటే లుంగీ జారుతుంది, అంత ఘనులు. ఆయన అచ్చులోనే ష్రేడ్ అనే ఇంకో కంపెనీ వాళ్ల ఎల్‌బీ 7 వచ్చింది. ఆ తర్వాత ఊరూపేరూ లేనివి ఎన్నో వచ్చాయి. లాక్‌బ్యాక్ అనేది బక్ కనిపెట్టిందేమీ కాదు, అంతకు ముందే ఉంది. అయినా భక్తుల పురాణంలో సృష్టి 1964తోనే మొదలవుతుంది.

బక్ మంచిదా, ష్రేడ్ మంచిదా అని గంటలు గంటలు వాదిస్తారే, ముందు ఏ ష్రేడ్ అని ఒక్కరూ అడగరు. అమెరికాలోని ఆ ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. పేరు చేతులు మారింది, సరుకు చైనా నుంచి వస్తోంది. బ్లేడు మొదట్లో పేరు కింద యూఎస్ఏ అని కొట్టి ఉంటే అది పాత చాకు. లేకపోతే పేరు మాత్రమే పాతది. బక్ వాళ్లు 1986 నుంచి ఏ ఏడాది చాకు మీద ఆ ఏడాది గుర్తు కొడుతున్నారు. భూతద్దం పెట్టి చూడాల్సింది ఆ గుర్తునీ, పిడి మూల గుండ్రాన్ని కాదు.

స్విట్జర్లాండులో ఉన్న తమరి దాయాదులది ఇంకా ముచ్చట. విక్టోరినాక్స్, వెంగర్ రెండూ ఎర్ర పిడే, రెండిటికీ తెల్ల సిలువే. 1908లో స్విస్ సైన్యం ఈ ఇద్దరికీ ఆర్డరును చెరిసగం పంచింది. అప్పట్నుంచి ఒకరు 'ఒరిజినల్' అన్నారు, ఇంకొకరు 'జెన్యూన్' అన్నారు. 2005లో విక్టోరినాక్స్ వెంగర్‌ను కొనేసింది. అన్నదమ్ములు కలిసిపోయినా లాయర్లు ఊరుకోనట్టు, అభిమానుల వాదన మాత్రం ఆగలేదు. 1891లో ఆ సైన్యం చేతికి వచ్చిన మొట్టమొదటి చాకులు స్విట్జర్లాండులో చేసినవే కావు, జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చినవి. ఇక ఒరిజినల్ ఎవరు? పనికొచ్చే తేడా కావాలంటే ఆ చాకుల్లో మడిచి ఉండే కత్తెర చూడాలి. విక్టోరినాక్స్ కత్తెర కింద సన్నటి చిన్న స్ప్రింగు ఉంటుంది. అది విరుగుతుంది, కానీ కొత్తది వేసుకోవచ్చు. వెంగర్ కత్తెర అంచుకు సన్నటి పళ్లు ఉంటాయి, దారం జారదు. ఈ రెండు ముక్కలూ చెప్పే పోలిక వెతికినా దొరకదు. సిలువ చుట్టూ ఉన్న గీత ఆకారం మీద మాత్రం ఎంతైనా దొరుకుతుంది.

సరే, తమరి వెన్నుకొద్దాం. లాక్‌బ్యాక్‌లో లాకు అంటే వెన్నులో తూగే ఒక ఉక్కు కడ్డీ. దాని ముందు కొసన ఒక పన్ను ఉంటుంది. బ్లేడు మడమలో, అంటే పిడిలో ఉండే మొదట్లో, ఒక గాడి ఉంటుంది. కింద స్ప్రింగు తోస్తుంటే, బ్లేడు తెరుచుకోగానే పన్ను గాడిలో పడి 'టప్పు'మంటుంది. ఆ టప్పు కోసం తమరి భక్తులు చెవి కోసుకుంటారు. తమరితో కాదులెండి, తమరికి అంత పదునెక్కడిది! టప్పుమంటే స్ప్రింగు బిగువుగా ఉందని అర్థం. గాడి సరిగ్గా కోశారని మాత్రం కాదు.

గాడి సంగతి తెలియాలంటే చాకు తెరిచి వెలుతురుకెదురుగా పట్టుకుని వెన్ను చూడాలి. కడ్డీ, బ్లేడు మడమ ఒకే మట్టంలో ఉండాలి, కలిసేచోట వెలుతురు రాకూడదు. పిడిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, బ్లేడు వెన్నును రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదపాలి. టికటికమంటే పన్ను గాడిలో పూర్తిగా కూర్చోలేదన్నమాట. కొత్త చాకైతే గాడి కోయడంలోనే పొరపాటు. జేబులో తిరిగిన చాకైతే ముందు గాడిలో దూది, దుమ్ము చూడాలి. చొక్కా జేబు నూలు పీచు గాడి అడుగున చేరి నొక్కుకుపోయి గట్టిపడుతుంది, పన్ను పైపైనే ఆగిపోతుంది. అట్లాంటి చాకు మామూలుగా బాగానే తెరుచుకుంటుంది. గట్టిగా తోసినప్పుడే వేళ్ల మీదికి మూసుకుంటుంది. పళ్లపుల్లతో ఆ పీచు తీసి, పాత టూత్‌బ్రష్‌ను కిరసనాయిల్లో ముంచి తోమి, బాగా ఆరాక కీలులో ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. రెండు చుక్కలు వేస్తే దుమ్మును పిలిచినట్టే. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురవుతుంది.

లాకు పరీక్ష అని బ్లేడు వెన్నును బల్ల అంచుకేసి టపటపా కొట్టే వీరులున్నారు. కొట్టిన ప్రతిసారీ పన్ను మూల కాస్త అరుగుతుంది. మంచి లాకును చెడగొట్టి, చెడిపోయిందని రుజువు చేయడం ఆ పరీక్ష. మడత పెట్టిన దుప్పటి మీద వెన్ను ఆనించి, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా చూసుకుని, మెల్లగా బరువు పెంచితే చాలు.

మూసేటప్పుడు ఇంకోటి ఉంది. పిడి సందులో సన్నటి కాగితం ముక్క నిలువుగా పెట్టి చాకు మూసి, మళ్లీ తెరిచి చూడాలి. కాగితం అడుగుదాకా తెగి ఉంటే పదును అంచు లోపలి ఉక్కుకు కొట్టుకుంటోందన్నమాట. ఎంత సాన పట్టినా ఆ చోట రోజూ చచ్చిపోతూనే ఉంటుంది. ఈ పరీక్షకయ్యే ఖర్చు ఒక బస్సు టికెట్టు ముక్క. ఒక్క పోలికలోనూ ఇది కనబడదు, ఫొటోకు బాగుండదు కాబట్టి.

పక్కరేకు లాకు, అదే లైనర్ లాకు ఉన్న తమ్ముళ్ల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. తెరిచినప్పుడు ఆ రేకు బ్లేడు మడమలో పావు నుంచి సగం దాకా వచ్చి ఆగాలి. అవతలి అంచుదాకా పోయిందంటే అరిగిపోయినట్టు. బ్లేడు పక్కలకు ఊగితే పివట్ స్క్రూను, అదే కీలు స్క్రూను, ఒక్కసారిగా తిప్పేయకూడదు. గుండ్రంలో ఎనిమిదో వంతు తిప్పి చూడాలి. చవక నకళ్లలో స్క్రూ మాటిమాటికీ వదులవుతుంది, నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, ఒక చుక్క వేయాలి. ఎరుపు వేస్తే మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సిందే. బక్ 110కి ఈ బాధే లేదు, దానిది రివిట్టు. ఊగడం మొదలైతే ఇంట్లో బిగించే దారీ లేదు.

స్టీలు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, అందుకే తమరి భక్తులు అంత ఎక్కువ మాట్లాడతారు. 420హెచ్‌సీ, డీ2, ఎస్30వీ అని స్తోత్రం చదువుతారు. కొలిమి పని తెలిసిన ఏ కమ్మరిని అడిగినా చెబుతాడు, ఇనుము సగమే, మిగతా సగం నీళ్లు పట్టడంలో ఉందని. బక్ వాడేది సాదా 420హెచ్‌సీనే, కానీ దాన్ని రాక్‌వెల్ అనే గట్టిదనపు కొలతలో 58 దాకా గట్టిపరుస్తారు. విక్టోరినాక్స్ 56 దగ్గర ఆగుతుంది, కావాలనే. మెత్తటి అంచు విరగదు, మొద్దుబారినా రాయి మీద నాలుగు లాగులకు తిరిగొస్తుంది. ఖరీదైన స్టీలు సరిగ్గా గట్టిపరచకపోతే 420 ముందు తలదించుకోవాల్సిందే. స్టీలు పేరు బ్లేడు మీద కొట్టి ఉంటుంది, గట్టిదనం ఎంతో మాత్రం కొట్టరు.

కొయ్యడానికి కావాల్సింది ఇంకోటి, అంచుకు కాస్త వెనక బ్లేడు మందం. అది అర మిల్లీమీటరు దాటిందంటే ఎంత పదును పెట్టినా క్యారెట్‌ను కోయదు, చీలుస్తుంది. సగం కోశాక 'టక్'మని విరిగిందంటే అదే కారణం. ఫ్రాన్సులోని సవాయ్‌లో పుట్టిన ఓపినెల్ 8వ నంబరు మడత చాకు బ్లేడు వెన్ను దగ్గరే రెండు మిల్లీమీటర్లుండదు. ధర ఎంతో తక్కువైనా పక్కన పెట్టుకున్న లావాటి చాకులన్నిటికన్నా సన్నగా కోస్తుంది. దానికీ ఒక రోగం ఉంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరులో మొదలవగానే దాని బీచ్ చెట్టు కొయ్య పిడి ఉబ్బి బ్లేడును కరుచుకుంటుంది. పిడి మెడకున్న ఉంగరాన్ని తిప్పి లాకు తీసి, పిడి వెనక కొసను బల్ల మీద తడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది, గోరుతో లాగొచ్చు. బ్లేడును పట్టకారుతో పీకేవాళ్లకు పట్టకారు గాటు, కోపం రెండూ మిగులుతాయి.

మన చిత్తూరు తోతాపురిని పెట్టి పరీక్షిస్తే కదా ఎవరి బండారం వారికి తెలిసేది! పచ్చి తోతాపురి ముక్కను మామూలు కార్బన్ ఉక్కు ఓపినెల్‌తో కోస్తే నిమిషాల్లో బ్లేడు మీద నల్ల మచ్చ, ముక్క మీద ఇనుప వాసన. కడిగి తుడవకుండా మడిచేస్తే మర్నాటికి తుప్పు. స్టెయిన్‌లెస్ అయితే ఆ బాధ లేదు. టెంకను మాత్రం ఏ మడత చాకుతోనూ పగలగొట్టాలని చూడకూడదు. మొన టెంకలో ఇరుక్కుని పక్కకు తిప్పితే మొన విరుగుతుంది, లేదా కీలు వదులవుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టడానికి పీటకు బిగించిన పెద్ద కత్తి ఉంది, దాని పని దాన్ని చేయనివ్వాలి.

తమరికి సాన పట్టే సంగతి ఎత్తితే భక్తులు ముఖం చిట్లిస్తారు. గీతలు పడతాయి, రేటు తగ్గుతుంది. సైకిలు సాన వాడి చక్రం దగ్గరికి తీసుకెళ్లకపోవడంలో మాత్రం వాళ్లదే న్యాయం. నీళ్లు లేని చక్రం మీద సన్నటి అంచు వేడెక్కి నీలం తిరిగితే ఆ మేర గట్టిదనం పోయినట్టే. వెయ్యి నంబరు గరుకున్న సానరాయి చాలు. కోణం కొలవడానికి పరికరాలు కొనక్కర్లేదు. కాగితం మూలను ఒకసారి మడిస్తే 45 డిగ్రీలు, ఇంకోసారి మడిస్తే 22న్నర. దాన్ని రాయి మీద నిలబెట్టి అంతకన్నా కాస్త కిందికి బ్లేడు వంచాలి. ఒక వైపు రుద్దుతూ, అవతలి వైపు అంచు పొడవునా వేలికి సన్నటి గరుకు తగిలేదాకా ఆపకూడదు. ఆ గరుకు రాకముందే రెండో వైపుకు తిప్పడమే, ఎంత పట్టినా పదును రావట్లేదని ఏడ్చేవాళ్లలో చాలామంది చేసే పని. ఆఖరున పాత తోలు బెల్టు మీద వెనక్కి నాలుగు లాగులు.

కల్యాణకట్టలో రోజంతా గుండ్లు గీసేవాళ్ల చేతిలో ఉండేది సగం బ్లేడు దూర్చిన కత్తి. దాని కంపెనీ ఏదని తల వంచుకున్నవాళ్లెవరైనా అడిగారా? ఇక కొండెక్కాలని తమరికి కోరికుంటే అలిపిరిలో సామాను స్కానర్ కింద పెట్టక తప్పదు. రేణిగుంట విమానాశ్రయంలో చేతిసంచీలో ఉంటే అక్కడే దిగిపోవాలి. చట్టం తొమ్మిది అంగుళాల పొడవు గానీ, రెండు అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తుల గురించి మాట్లాడుతుంది, తమరు అందులో సగం లేరు. కానీ స్కానర్ దగ్గర ఆ వాదన చెల్లదు. బక్కు, ష్రేడు అక్కడ ఒకే రంగులో కనిపిస్తాయి.

ఇట్లు,
తమరిని ఒక్కసారైనా తోతాపురి మీద చూడాలని కోరే
శ్రేయోభిలాషి

తా.క.: తమరి ఇత్తడికి చిలుం పట్టిందని ఎవరో చింతపండు పెట్టి తోమబోతున్నారట. తోమనివ్వండి గానీ, పులుసు కీలులోకి దిగనివ్వకండి, లోపల ఉక్కు తుప్పు పడుతుంది. గుడ్డకు అద్ది ఇత్తడి మీదే రుద్ది, వెంటనే కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆ ఒక్క చుక్క నూనె వేయమనండి.