ప్రాసెసర్‌కి చలి, ఇంటికి ఉక్కపోత

మా ఇంట్లో ఇప్పుడు అందరికంటే సుఖంగా బతుకుతున్నది నా కంప్యూటర్‌లోని ప్రాసెసర్. బెజవాడ జూన్ ఉక్కలో మేం ముగ్గురం ఫ్యాన్ కింద తడిబట్టల్లా వేలాడుతుంటే, అది మాత్రం చల్లటి పలక కప్పుకుని కూర్చుంది. ఇదేం న్యాయమని బంధువులు అడుగుతున్నారు. వాళ్లకి సైన్స్ తెలియదు. మొన్నటిదాకా నాకూ తెలియదనుకోండి.

ఆ చల్లటి పలకని పెల్టియర్ పలక అంటారు, చూడ్డానికి చిన్నదే. నాలుగు సెంటీమీటర్ల చదరం, బిస్కెట్ కంటే పల్చన, రెండు తీగలు. టీఈసీ1-12706 అని నంబరు. లోపల బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థం ముక్కలు 127 జతలు ఉంటాయి. కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది కాలుతుంది. గడియారాల పని మానేసి సైన్స్‌లో పడ్డ పెల్టియర్ అనే ఫ్రెంచి ఆయన 1834లో ఈ సంగతి కనిపెట్టాడు. నాలుగేళ్లకి లెంజ్ అనే ఇంకో శాస్త్రవేత్త ఈ పద్ధతిలోనే ఒక నీటి చుక్కని గడ్డకట్టించాడు. ఆ చుక్క వంశం నా మదర్‌బోర్డు దాకా వస్తుందని పాపం ఆయనకేం తెలుసు!

ఈ పలక వేడిని చంపదు, మోస్తుంది. మోసినందుకు కూలి పుచ్చుకుంటుంది. ఆ కూలిని కూడా వేడిగా మార్చి మళ్లీ మన నెత్తినే పోస్తుంది. వేణ్ణీళ్లకి చన్నీళ్లు తోడంటారు పెద్దలు. ఇక్కడ వేడికి వేడే తోడు.

లెక్క చూడండి. నా ప్రాసెసర్ 65 వాట్లది. పలకకి 12 వోల్టులిస్తే నాలుగైదు ఆంపియర్లు తాగుతుంది, అంటే 50 వాట్ల పైమాటే. దాదాపు అంతే వేడిని లాగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. నిజమే, రెండు ముఖాలూ ఒకే వేడిలో ఉన్నప్పుడు! తేడా పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది, అరవై ఎన్నో డిగ్రీల తేడా వచ్చేసరికి సున్నా. అవసరం లేనప్పుడు బ్రహ్మాండంగా పనిచేసే ఉద్యోగి అన్నమాట. ఒకడు చాలడని ఇద్దర్ని పెట్టాను. ప్రాసెసర్ వేడి 65, పలకల కూలి 100 పైన, మొత్తం 165 వాట్లకి తగ్గని వేడిని బయటికి తోసే పెద్ద కూలర్ కొని పలకల మీద పెట్టాను. "ఆ కూలరేదో తిన్నగా ప్రాసెసర్ మీదే పెడితే పోయేది కదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. వాడికి పరిశోధన దృష్టి లేదు.

పలకల కోసం పాత ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా, ఒకటి విడిగా పెట్టాను. మదర్‌బోర్డు లేకుండా అది లేవాలంటే ఆకుపచ్చ తీగని నల్ల తీగతో కలపాలి. జెమ్ క్లిప్పుతో కలిపాను. అక్కడితో మొదలైంది టెన్షన్. కంప్యూటర్ ముందు లేచి పలకలు లేవకపోతే ప్రాసెసర్ ఉడుకుతుంది, ఎందుకంటే కరెంటు లేని పలక వేడిని సరిగ్గా వదలదు. పలకలు ముందు లేస్తే ఆ చలికి గాలిలో తేమ నీళ్లయి చేరుతుంది. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ ఒకే ముహూర్తానికి దిగాలి. అందుకని మధ్యలో రిలే అనే పెళ్లిళ్ల పేరయ్యని కూర్చోబెట్టాను, కంప్యూటర్ లేవగానే పలకల్నీ లేపే స్విచ్ అది.

ఇంకో చిక్కుంది. తీగలు తారుమారైతే చలి ముఖం వేడి ముఖమైపోతుంది. మొదటి రోజు నేను ప్రాసెసర్‌ని చల్లబరచలేదు, పెనం మీద అట్టులా కాల్చాను. యజమానికి లేని తెలివి దానికుంది కాబట్టి వంద డిగ్రీల దగ్గర తనంతట తనే ఆగిపోయింది.

రెండో రోజు అంతా సవ్యంగా జరిగింది. చల్లబడింది. "ఏరా, కంప్యూటర్‌కి చెమట పట్టిందేంటి?" అంది అమ్మ. గదిలో 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీలకి దిగిన ఏ వస్తువు మీదైనా నీళ్లు చేరతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద చేరినట్టు. అంటే ఇంత హంగామాకీ నా వాటా నాలుగు డిగ్రీలు. అంతకుమించి ఆశపడితే బోర్డు మీద చెరువు. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ పెట్రోలియం జెల్లీ పూసి, పైన నల్ల స్పాంజి చుట్టాను. చంటిపిల్లకి కూడా ఇంత ఒళ్లు రుద్దలేదని మా ఆవిడ అంది. ఖర్చు తడిసి మోపెడవడం అంటే ఏమిటో నాకు అక్షరాలా అర్థమైంది.

నేనొక్కణ్ణే ఇలా ఉన్నానని నవ్వకండి. ప్రాసెసర్లు చేసే సాక్షాత్తూ ఇంటెల్ వారే 2020లో క్రయో కూలింగ్ పేరుతో ఈ పలకనే రంగంలోకి దించారు. తేమ చేరకుండా చూడ్డానికి ఒక సాఫ్ట్‌వేర్‌ని కాపలా పెట్టారు. పలక ఒక్కటే 200 వాట్ల దాకా తాగేది. 2023లో ఆ కథ ముగించారు. వాళ్ల ఇళ్లల్లో అమ్మలు లేకపోవడమే కారణమని నా అనుమానం.

ఎందుకంటే మూడో రోజు వాన పట్టింది. మేడ మీద ఆరబోసిన సగ్గుబియ్యం వడియాల్ని అమ్మ హడావిడిగా కిందికి తెచ్చి, పళ్లెంతో సహా నా కంప్యూటర్ వెనక పెట్టింది. కూలర్ ఊదే గాలికి సాయంత్రానికల్లా గలగలలాడాయి. పని అయిపోయిందని నేను స్విచ్ మీద చెయ్యి వేశాను.

"ఉండండి, ఇంకో పళ్లెం ఉంది" అని వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.