మూడే విభాగాలు

బాక్సర్ మేరీ కోమ్‌పై నేను చదివిన ఒక వ్యాసంలో ఆమె పేదరికం గురించి, బాక్సింగ్ పట్ల తండ్రి అయిష్టం గురించి విపులంగా రాసిన వ్యాసకర్త, ఒలింపిక్స్ కోసం ఆమె బరువు విభాగం మారవలసి రావడాన్ని ఒక్క వాక్యంతో దాటవేశారు. మణిపూర్‌లోని కాంగథెయి గ్రామంలో పొలం పనులు చేస్తూ పెరిగిన ఆమె 2010 నాటికే ఐదుసార్లు ప్రపంచ విజేత. ఆ ఐదింటిలో చివరి రెండు స్వర్ణాలు కవలలు పుట్టిన తరువాత గెలిచినవి. అయితే 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌కు తొలిసారి చోటిచ్చినప్పుడు పురుషులకు పది విభాగాలుండగా, మహిళలకు మూడే పెట్టారు. వాటిలో అన్నిటికన్నా తక్కువది 51 కిలోలు. అంతకుముందు 48 కిలోల్లో ఆడిన ఆమె, సహజంగానే తనకన్నా దృఢమైన శరీరాలున్నవారితో తలపడి, సెమీఫైనల్లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో ఓడినా కాంస్యం తెచ్చారు. సొంత విభాగమే ఉండి ఉంటే ఆ పతకం రంగు మారేదేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది.