తుపాకులు బాగుచేసి పాడుచేయబడును

పద్మ పురస్కారాల సంఘం ఇంతవరకు పట్టించుకోని మహత్తర సేవారంగం ఒకటి ఉంది. వందేళ్ళ నాటి వస్తువు చెక్కుచెదరకుండా కనబడితే నిద్రపట్టని మహానుభావులు ఆ రంగంలో అహోరాత్రాలు శ్రమిస్తున్నారు. తాతల నాటి టేకు ద్వారబంధానికి ఆకుపచ్చ ఎనామిల్ పూయించేదీ, గుడిలోని నల్లరాతి నందికి వెండిరంగు వేయించేదీ వీరే. మీకు పరిచయం చేయనక్కరలేదు, మీ బంధువర్గంలో కనీసం ఒకరు ఉండే ఉంటారు. ఈ మధ్య వీరిలో ఒకరి కరుణామయ దృష్టి ఐరోపా పాత వేట తుపాకుల మీద ప్రసరించింది.

టెక్సాస్‌లో ఒక గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం ముగిసింది, పులిహోర, బొబ్బట్లు కడుపులో చేరాయి. ఇంటాయన నన్ను గ్యారేజీలోకి తీసుకువెళ్ళి, "మీకు పాత తుపాకులంటే ప్రాణం కదా అన్నయ్యా, ఇది చూడండి" అంటూ ఒక పొడవాటి పెట్టె తెరిచారు. అందులో ఉన్నది ఒక పొట్టి గొట్టపు వేట తుపాకి, 1903 మోడల్ మాన్‌లికర్-షోనావర్ కార్బైన్. అంటే, పుట్టినప్పుడు దాని పేరు అది. నేను చూసేనాటికి దాని ముందుకొయ్య సగానికి కోసేసి ఉంది. భుజానికి ఆనించే మడమకు ఎర్రటి రబ్బరు మెత్త అంటుకుని ఉంది. నెత్తి మీద నాలుగు బెజ్జాలు. ఒళ్ళంతా హోటలు బల్లలకు వేసే వార్నిష్ నిగనిగలాడుతోంది.

"ఎలా ఉంది?"

"పూర్వజన్మ సుకృతం" అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

ఈ తుపాకి ఆస్ట్రియాలోని స్టయర్ పట్టణంలో తయారయింది. దాన్ని రూపొందించిన ఫెర్డినాండ్ మాన్‌లికర్ మొదట రైల్వే ఇంజినీరు. ఒట్టో షోనావర్ దానికి గుండ్రంగా తిరిగే మేగజైన్, అంటే తూటాల గూడు, సమకూర్చాడు. అయిదు తూటాలను ఒక ఉక్కు చక్రం తన చుట్టూ పెట్టుకుని, ఒక్కొక్కటిగా పైకి అందిస్తుంది. తూటా ఎక్కిన సంగతి చేతికి తెలియదు, అంత మెత్తగా నడుస్తుంది. గ్రీకు సైన్యం ఈ ఏర్పాటు చూసి ముచ్చటపడి 1903లో తన సైనికుల కోసం ఎంచుకుంది. వేటగాళ్ళ కోసం చేసిన కార్బైన్ గొట్టం పొడవు దాదాపు 45 సెంటీమీటర్లే. కొయ్య ఆ గొట్టం కొస దాకా సాగి, చివర ఒక ఉక్కు తొడుగులో ముగుస్తుంది. ఆల్ప్స్ పర్వతాల్లో షామీ అనే కొండమేకల వెంట రాళ్ళు పట్టుకుని ఎగబాకేవాడికి పొట్టిగా, తేలికగా ఉండాలి, రాయికి తగిలినా గొట్టం చెడకూడదు. ఆ నిండు కొయ్య ఉన్నది అందుకు. అందం దాని వెంట నడిచి వచ్చింది.

"మరి ఆ కొయ్య ఎందుకు కోయించారు?"

"గురి కోసం అన్నయ్యా. తేమకు కొయ్య ఉబ్బి గొట్టాన్ని పక్కకు తోస్తుందట. గుండు అటూ ఇటూ పోతుందట."

ఇందులో అబద్ధం లేదు. నిండు కొయ్య తుపాకులకు ఆ జబ్బు ఉన్నమాట నిజమే. నేర్పరి అయిన పనివాడు కొయ్య లోపలి గాడిని కొద్దిగా సరిచేసి దాన్ని నయం చేస్తాడు. తలనొప్పికి తల తీసేయడం మాత్రం ఈ ఉద్ధారకుల ప్రత్యేక వైద్యం. పైగా ఆ తుపాకి ఉండేది ఏసీ గదిలో, తేమను పీల్చే యంత్రం పెట్టిన ఇనుప బీరువాలో.

"అయితే ఇప్పుడు గురి బాగా కుదిరిందా?"

"ఇంకా కాల్చలేదన్నయ్యా. ఆ సైజు తూటాలు దొరకడం లేదు."

"ఈ రబ్బరు మెత్త?"

"భుజానికి దెబ్బ తగలకుండా."

కాల్చని తుపాకి భుజానికి ఎంత దెబ్బ కొడుతుందో లెక్క కట్టవలసిన బాధ్యత భౌతికశాస్త్రానిది. కాల్చినా ఈ 6.5 మిల్లీమీటర్ల తూటా వెనక్కి తన్నేది తక్కువే. బెల్ అనే స్కాట్లండ్ వేటగాడు ఎక్కువగా ఇలాంటి సన్న తూటాలతోనే, ఇది కూడా వాటిలో ఒకటి, ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను కూల్చాడు. నేను ఏనుగుల పక్షం. కానీ ఆయన భుజం రబ్బరు అడిగినట్టు ఎక్కడా చదవలేదు. ఆ మెత్త కోసం ఊడదీసిన ఉక్కు పలకకు ఒక చిన్న తలుపు ఉండేది. దాని వెనక కొయ్యలో తొలిచిన గూటిలో గొట్టం తుడిచే కడ్డీ ముక్కలు, అత్యవసరానికి అదనపు తూటాలు దాచుకునేవారు. అవి ఏమయ్యాయని అడిగాను.

"ఏవో ఇనప పుల్లలు ఉన్నాయన్నారు. పారేశారనుకుంటాను."

ఇక నాలుగు బెజ్జాలు మిగిలాయి.

"స్కోపు కోసం. అదే, గురి చూసే దుర్భిణి."

"ఏదీ స్కోపు?"

"పెడితే వెనక, తుపాకి పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ రెక్క దానికి తగులుతోంది. తీసేశాం. బెజ్జాలు ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తాయి."

పనికొస్తాయి. దారం ఎక్కించి గుమ్మానికి తోరణంగా కట్టుకోవచ్చు.

ఆ కాలపు ఆస్ట్రియన్, జర్మన్ పనివాళ్ళు కూడా వీటికి స్కోపులు పెట్టారు. కొక్కేలతో పెట్టారు. అక్కరలేనప్పుడు ఊడదీసి సంచిలో వేసుకోవచ్చు, మామూలు గురిముల్లుతో కాల్చుకోవచ్చు. దానికి రోజుల తరబడి ఆకురాయి పట్టే ఓపిక కావాలి. డ్రిల్లుకు ఓపిక అక్కరలేదు, ఒక్క నిమిషం చాలు. ఆ ఒక్క నిమిషంలో పోయింది తిరిగి రాదు. కొయ్యకు కొత్త ముక్క అతికించవచ్చంటారు. మడమ నుంచి గొట్టం కొస దాకా ఒకే దుంగలోంచి ఒకే నారతో సాగిన వాల్‌నట్ అది, దానికి ఏది అతికిస్తారు? మెరుగు చక్రానికి పట్టి అరగదీసిన స్టయర్ ముద్రను మళ్ళీ ఎవరు కొడతారు? ఇనుముకూ కొయ్యకూ వెంట్రుకవాసి సందు లేకుండా చేత్తో కుదిర్చిన మనిషి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆయన పోయాడు. ఆయన పని మాత్రం రెండు ప్రపంచ యుద్ధాలు దాటి, సముద్రం దాటి, ఈ గ్యారేజీ దాకా క్షేమంగా వచ్చింది. యుద్ధాలు చేయలేని పనిని ఒక డ్రిల్లు చేసింది. కొన్నవాడికి హక్కుందట! డబ్బిచ్చి కొన్నంత మాత్రాన చెరిపేసే హక్కు ఎవడిచ్చాడు?

ఈ తుపాకుల గతం పవిత్రమని నేననడం లేదు. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వేట లెక్కల్లో 2,70,000కు పైగా ప్రాణులు ఉన్నాయి. 1914లో సారయేవోలో ఆయనకు ఒక్క తూటా సరిపోయింది. వేటకు నేను దండం పెట్టను, పనితనానికి పెడతాను.

ఈ విషయంలో మన దేశం కాస్త నయం. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరువాత మామూలు లైసెన్సు ఉన్నవాడి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. ఉద్ధారకుడు ఎంత దయామయుడైనా రెండింటితో ఆగాలి.

మొన్న ఆయనే ఫోను చేశారు. పాత సరుకు ధరలు విచారించారట. కోయని, తొలచని, వార్నిష్ ఎరగని తుపాకికి ఉన్న విలువలో బాగుచేసినదానికి సగం కూడా రావడం లేదట. లోకం తీరు మీద చాలాసేపు విచారం వెలిబుచ్చారు. తరువాత అసలు సంగతికి వచ్చారు. "ఎవరూ చేయి పెట్టనిది ఒకటి ఉంటే చూసిపెట్టండి అన్నయ్యా, ఎంతయినా ఇస్తాను."

ఒక ముసలాయన బీరువాలో అలాంటిది ఉంది. గూటిలో కడ్డీ ముక్కలు కూడా ఉన్నాయి. లేదని చెప్పాను.